ఆయమ్మను ఇప్పుడే పంపకు

మంచిర్యాల,
మార్చి 10

బిడ్డా,

మొన్న ఫోన్‌లో ఆయమ్మను మాన్పించాలా అని నువ్వు అడిగినప్పుడు "ఆలోచించి చెప్తా" అన్నాను. రెండు మాటల్లో తేలేది కాదు గనుక కూర్చుని రాస్తున్నాను.

జూన్‌లో చిన్నోడు కూడా బడిలో చేరతాడు, పెద్దది ఒకటో తరగతికి వస్తుంది. పొద్దున ఎనిమిదిన్నర నుంచి మూడున్నర దాకా ఇంట్లో పిల్లలే ఉండనప్పుడు ఆయమ్మకు పూర్తి జీతం ఎందుకు అంటున్నాడు అల్లుడు. ఆయన లెక్క తప్పని అనను. కాని అది బడి నడిచే రోజులకు మాత్రమే సరిపోయే లెక్క.

క్యాలెండర్ ముందేసుకుని చూడు. మన దగ్గర బడి ఏడాదికి సుమారు 230 రోజులు నడుస్తుంది. తక్కిన 135 రోజులు పిల్లలు ఇంట్లోనే. మార్చి నడిమి నుంచి ఒంటిపూట బడులు, పన్నెండున్నరకే ఇంటికొస్తారు. ఆ ఎండలో వాళ్లకు తలుపు తీసేవాళ్లు ఎవరు? ఏప్రిల్ 24 దాటితే జూన్ 12 దాకా ఎండాకాలం సెలవులు. బతుకమ్మకు, దసరాకు కలిపి దాదాపు రెండు వారాలు. ఇక జ్వరాలు, దగ్గులు ఏ క్యాలెండర్‌లోనూ ఉండవు. నువ్వు డాక్టరువి, బడిలో చేరిన మొదటి ఏడాది పిల్లలు ఎన్నిసార్లు మంచం పడతారో నీకు చెప్పాల్సిన పని లేదు. నీకు సర్కారు దవాఖానలో రాత్రి డ్యూటీలు, అల్లుడికి రామగుండం ఎన్టీపీసీలో షిఫ్టులు. రెండూ ఒకే రాత్రి పడ్డ వారాలు ఈ రెండేండ్లలో ఎన్ని వచ్చాయో మీ ఇద్దరూ కూర్చుని గుర్తు చేసుకోండి.

పిల్లల సంరక్షణ సెలవు ఉంది కదా అంటావేమో. అది మొత్తం సర్వీసుకు కలిపి 90 రోజులే. పిల్లలకు పద్దెనిమిదేండ్లు వచ్చేదాకా వాడుకోవచ్చు. పెద్దదాని పదో తరగతికి, అనుకోని ఆపరేషన్‌కు అక్కెరకొచ్చే సెలవు అది. ఇప్పుడే జలుబులకూ దగ్గులకూ ఖర్చు పెట్టకు.

అందుకే నా మాట: కనీసం రెండేండ్లు ఆయమ్మను ఉంచుకో, జీతం తగ్గించకుండా ఉంచుకో. ఖాళీ గంటలకు కూడా ఆమె నీకోసమే ఉంటోంది. పదకొండింటికి బడి నుంచి "బాబుకు జ్వరమొచ్చింది" అని ఫోన్ వస్తే నువ్వు ఆపరేషన్ థియేటర్‌లో ఉంటావు, ఆమె ఆటో ఎక్కుతుంది. నువ్వు జీతమిచ్చేది ఆ భరోసాకు.

అంతకంటే నాకు బెంగగా ఉన్న సంగతి ఇంకొకటి ఉంది. ఆ ఏడు గంటలు ఖాళీగా కనబడేసరికి అందరి చూపూ వాటి మీదే పడుతుంది. ముందు అంట్లు, తర్వాత బట్టలు, ఆ తర్వాత మీ అత్తమ్మ కాళ్లకు నూనె, ఆఖరుకు పక్కింటివాళ్ల ఫంక్షన్‌కు వంట సాయం. ఎవరూ చెడ్డ మనసుతో చెప్పరు. ఊరికే కూర్చుంది కదా అనే అనుకుంటారు. ఏడాది తిరిగేసరికి పిల్లల్ని చూసుకోవడానికి వచ్చిన మనిషి ఇంటిల్లిపాదికీ చాకిరి చేస్తుంటుంది, జీతం మాత్రం పాతదే. లేబర్ ఆఫీసులో పనిచేసినన్నాళ్లూ ఇట్లాంటి ఫిర్యాదులే ఎక్కువ విన్నాను.

మనది ఏ నేలో మరిచిపోకు బిడ్డా. దొర బిడ్డ పెండ్లయి అత్తగారింటికి పోతుంటే ఆడబాప అనే దాసిని వెంట పంపేవారు. దొరసానిని కనిపెట్టుకుని ఉండడం, పిల్లల్ని పెంచడం, గడిలో అన్ని పనులూ చేయడం, అడిగేవాడు లేని రాత్రులు గడపడం ఆమె బతుకు. ఆమెకు పెండ్లి లేదు, జీతం లేదు, పని గంటలు అసలే లేవు. వెట్టి వద్దని 1976లో చట్టం వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన గడీలు కదల్లేదు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో రైతు కూలీలు లేచి నిలబడితే, ప్రభుత్వం ఆ రెండు తాలూకాలనూ కల్లోలిత ప్రాంతాలని ప్రకటించింది. ఆ పోరాటంలో వెట్టి బంద్ చేయాలన్నది ముందు వరుసలో ఉన్న మాట. అంత కొట్లాడి వదిలించుకున్నదాన్ని మూడో అంతస్తు ఫ్లాట్‌లోకి మళ్లీ తెచ్చుకోవద్దు. నువ్వు తెలిసి చేసేదానివి కాదు. తెలియకుండా జరిగిపోతుందనే ఇంత గట్టిగా రాస్తున్నాను.

పనులేవో, గంటలేవో ఉగాదికి ముందే ఆమెతో కూర్చుని మాట్లాడు. పల్లెల్లో జీతాలు మాట్లాడుకునేది అప్పుడే కాబట్టి ఆమెకూ వింతగా ఉండదు. పిల్లల బట్టలు, పిల్లల టిఫిన్ డబ్బాలు, వాళ్ల గది ఆమె పని. ఇంటి అంట్లూ బట్టలూ వేరే ఆమెవి. ఏదైనా కొత్త పని కలిపితే జీతం పెరగాలి. వారానికి ఒక రోజు పూర్తిగా సెలవు. అత్తమ్మకు ఈ మాట అల్లుడి నోటి నుంచే చెప్పించు, నువ్వు చెప్తే కోడలు నేర్పిస్తోందంటారు. పిల్లలకు కూడా నేర్పు. నీళ్లు తెమ్మని ఆమెకు ఆర్డర్ వేయొద్దు, కూజా దగ్గరికి నడిచిపోవడం వాళ్లకు వచ్చు.

పిల్లలు బడిలో ఉండే ఆ గంటలు ఆమెవే అనుకో. ఏడో తరగతి దాకా చదివిందన్నావు. ఓపెన్ స్కూల్‌లో పదో తరగతి కట్టించు. పుస్తకాలు నువ్వు కొనిపెట్టు, లెక్కలు అర్థం కాకపోతే ఆదివారం అల్లుడు చెప్తాడు. పదో తరగతి సర్టిఫికెట్ ఉంటే, మీ ఇంటి పని అయిపోయిన నాడు ఆమెకు ఇంకో తలుపు తెరుచుకుంటుంది. లేకపోతే మళ్లీ చాట ముందేసుకుని బీడీలు చుట్టడమే.

ఇంకొకటి ఈ నెలలోనే చేయాల్సింది. ఆమెకు 38 దాటలేదు కదా? 2019లో అసంఘటిత కార్మికులకు శ్రమయోగి మాన్‌ధన్ పింఛను పెట్టారు. చేరడానికి 18 నుంచి 40 ఏండ్ల లోపు ఉండాలి, నెల ఆదాయం 15 వేలు దాటకూడదు. 38 ఏండ్లకు చేరితే నెలకు 180 రూపాయలు కట్టాలి, కేంద్రం ఇంకో 180 వేస్తుంది, అరవై నిండాక నెలకు 3,000 వస్తుంది. ఆ 180 నువ్వు కట్టు, జీతంలోంచి కోయకు. ఆధార్, బ్యాంకు పుస్తకం తీసుకుని కామన్ సర్వీస్ సెంటర్‌కు పోతే చేరుస్తారు, అక్కడే ఇ-శ్రమ్ కార్డు కూడా అడుగు. 40 దాటితే ఇక చేర్చుకోరు. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రమాద బీమా కూడా చేయించు, రెండు లక్షలకు ఉంటుంది.

మీ అత్తగారి వైపు వాళ్లెవరో "ఊరి నుంచి ఒక చిన్నపిల్లను తెచ్చుకుంటే సగం ఖర్చు" అన్నారన్నావు. ఆ మాట ఇంట్లో ఇంకోసారి రానివ్వకు. పద్నాలుగేండ్ల లోపు పిల్లల్ని ఇంటి పనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు నుంచే నేరం. నేరం కాకపోయినా, నీ బిడ్డ బడికి పోతుంటే ఇంకొకరి బిడ్డ దాని సంచి మోస్తూ గేటు దాకా వచ్చి వెనక్కి తిరగడం నేను చూడలేను.

రెండేండ్ల తర్వాత సంగతి కూడా ఆమెకు ఇప్పుడే చెప్పు. చిన్నోడు ఒకటో తరగతికి వచ్చాక సగం పూటకు మార్చుకుందామని, ఆ మార్పుకు మూడు నెలల ముందే చెప్తానని, మానేసే రోజున పనిచేసిన ప్రతి ఏడాదికీ ఒక నెల జీతం చేతిలో పెడతానని మాటివ్వు. చట్టం అంత అడగదు, నేను అడుగుతున్నాను. పెద్దదానికి కూడా ముందే తెలియాలి. పుట్టినప్పటి నుంచి దాన్ని నిద్రపుచ్చిన చెయ్యి అది. బడి నుంచి వచ్చేసరికి ఆ మనిషి లేకుండా పోతే, చిన్నపిల్ల తనే ఏదో తప్పు చేశాననుకుంటుంది.

ఇక మిగిలింది ఈ ఎండాకాలం. ఆమెది ఆసిఫాబాద్ దిక్కు ఊరు కదా, ఏప్రిల్‌లో అక్కడ బీడీలు చుట్టే తునికాకు తెంపుడు మొదలవుతుంది. తెల్లారకముందే అడవికి పోయి తెంపుకొచ్చి, యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి కల్లంలో అప్పజెప్తే చేతికి పైసలు. ఇంటిల్లిపాదీ కదిలే కాలం అది, ఆమె తల్లికి ఆ నాలుగు వారాల సంపాదనే వానాకాలం ఖర్చు. సరిగ్గా అప్పుడే నీ పిల్లలకు సెలవులు, అందుకే పోయినేడు ఆమె అడగలేక ఊరుకుంది, నువ్వూ గమనించలేదు. ఈసారి నువ్వే పొమ్మను. ఏప్రిల్ 25న పొద్దుటి బస్సుకు నేను కరీంనగర్ వస్తాను, మే నెలాఖరు దాకా ఉంటాను. నా బీపీ మాత్రలు తెచ్చుకుంటాను. నువ్వు కూలర్‌లో గడ్డి మార్పించి పెట్టు చాలు.

మీ పెద్దమ్మ