డిక్రీ ఒక దేశంలో, ఆస్తి మరొక దేశంలో

కోర్టులో గెలవడం వేరు, సొమ్ము చేతికి రావడం వేరు. విదేశాలతో లావాదేవీలు నడిపే వర్తకులు ఈ తేడాను ఈక్వడార్ చమురు వ్యాజ్యం ద్వారా గ్రహించవచ్చు.

ఈక్వడార్ దేశపు అమెజాన్ అడవులలో టెక్సాకో కంపెనీ 1964 నుంచి 1990 దశకం ప్రారంభం వరకు పనిచేసింది. చమురు వ్యర్థాల వల్ల నీరు, నేల చెడిపోయాయంటూ స్థానికులు 1993లో న్యూయార్క్‌లో దావా వేశారు. విచారణకు ఈక్వడారే తగిన చోటని కంపెనీ వాదించగా, అమెరికా కోర్టులు అంగీకరించి 2002 నాటికి దావాను తోసిపుచ్చాయి. ఈలోగా, 2001లో, టెక్సాకో షెవ్రాన్‌లో విలీనమైంది.

2003లో లాగో ఆగ్రియో పట్టణంలో దావా మళ్లీ మొదలైంది. 2011లో వాదులు గెలిచారు. కంపెనీ క్షమాపణ చెప్పనందున పరిహారం రెట్టింపయింది. 2013లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం రెట్టింపును రద్దుచేసి, సుమారు 950 కోట్ల డాలర్లను ఖాయపరచింది.

అయితే ఈక్వడార్‌లో షెవ్రాన్‌కు చెప్పుకోదగిన ఆస్తి లేదు. డిక్రీ దేశాలు తిరగవలసి వచ్చింది. అది మోసం, లంచం ద్వారా సంపాదించినదని న్యూయార్క్ కోర్టు 2014లో నిర్ణయించింది. కాలుష్యం జరగలేదని మాత్రం చెప్పలేదు. బ్రెజిల్ 2017లో గుర్తింపు నిరాకరించింది. కెనడా సుప్రీంకోర్టు 2015లో విచారణకు దారి ఇచ్చినా, తల్లి కంపెనీ బాకీకి పిల్ల కంపెనీ ఆస్తి జప్తు కాదని ఒంటారియో అప్పీలు కోర్టు 2018లో తేల్చింది. 2019లో ఆ దారీ మూసుకుపోయింది.

మన చట్టమేమిటి? సివిల్ ప్రొసీజర్ కోడ్ 44-ఎ సెక్షన్ ప్రకారం, కేంద్రం నోటిఫై చేసిన దేశాల పైకోర్టుల డిక్రీలను ఇక్కడి జిల్లా కోర్టులో నేరుగా అమలు చేయించవచ్చు. బ్రిటన్, సింగపూర్ ఈ జాబితాలో ఉన్నాయి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ 2020లో చేరింది. అమెరికా లేదు. అక్కడి తీర్పు ఆధారంగా ఇక్కడ కొత్త దావా వేయాలి. గడువు తీర్పు తేదీ నుంచి మూడేళ్లు. జరిమానా, పన్ను బాకీలకు 44-ఎ వర్తించదు. మోసంతో పొందినా, సహజన్యాయానికి విరుద్ధమైనా, అధికార పరిధి లేని కోర్టు ఇచ్చినా, 13వ సెక్షన్ కింద ఆ తీర్పు నిలవదు.

కనుక సరుకు పంపే ముందే మూడు సంగతులు చూసుకోవాలి. కాంట్రాక్టుపై సంతకం ఏ కంపెనీది? ఆస్తి ఎవరి పేర, ఏ దేశంలో ఉన్నది? తగాదా వస్తే తేల్చేదెవరు? మధ్యవర్తిత్వ షరతు ఉంటే న్యూయార్క్ ఒప్పందంలోని దేశాలలో అవార్డు అమలుకు దారి సుగమం. వేరే కంపెనీ ఆస్తిపై కన్ను వేసేకన్నా ఆ కంపెనీ చేత ముందుగానే హామీ సంతకం చేయించుకోవడం మేలు. పెద్ద పేరు చూసి అరువిచ్చినవారికి చిన్న కంపెనీ ఖాళీ గల్లాపెట్టె మిగలరాదు.