ఫోర్సైత్‌లో ఇల్లు కొన్న చిన్నాకి

చిరంజీవి చిన్నాకి,

 

మొన్న ఫోన్లో నువ్వొక మాటన్నావు. "ఈ గొడవలన్నీ తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ మధ్య ఎప్పట్నుంచో ఉన్నవే పెద్దమ్మా. మనం చదువుకుని వచ్చాం, ఉద్యోగం చేసుకుంటున్నాం, పన్నులు కడుతున్నాం. మధ్యలో మనకెందుకు?" అని. నీకేమో మీటింగ్‌కి వేళయింది, నాకేమో చెప్పాల్సింది చాలా ఉంది. అందుకని రాస్తున్నాను. తీరిగ్గా చదువు. కోడలికి కూడా ఇవ్వు.

ముందు నీ ఇంటి సంగతి చెబుతాను. మంచి స్కూళ్ళని చూసి జార్జియాలోని కమింగ్‌లో కొన్నావు. పక్కింట్లో గుంటూరు వాళ్ళు, ఎదురింట్లో వరంగల్ వాళ్ళు, దగ్గర్లోనే గుడి, గోంగూర దొరికే కొట్టు. నాకూ సంతోషమే. అయితే ఆ నేల మీద ఏం జరిగిందో నీకు ఇల్లు చూపించిన రియల్టర్ చెప్పి ఉండడు. 1912 సెప్టెంబరులో, మీ కమింగ్ ఉన్న ఆ ఫోర్సైత్ కౌంటీలో ఒక తెల్ల అమ్మాయి మీద దాడి జరిగింది. తర్వాత ఆ పిల్ల చనిపోయింది. విచారణా లేదు, ఏమీ లేదు, రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి యువకుణ్ణి జైల్లోంచి ఈడ్చుకొచ్చి కమింగ్ ఊరి నడిబొడ్డున వేలాడదీశారు. ఇంకో ఇద్దరు కుర్రాళ్ళని, ఒకడికి పదహారేళ్ళు, ఇంకొకడికి పద్దెనిమిది, గబగబా విచారణ ముగించి వేలమంది జనం చూస్తుండగా ఉరితీశారు. అక్కడితో కోపం చల్లారిందా అంటే లేదు. రాత్రిళ్ళు గుంపులుగా వచ్చి ఇళ్ళ మీద కాల్పులు జరిపారు, చర్చిలు తగలబెట్టారు, తెల్లారేసరికి వెళ్ళిపోకపోతే చస్తారని బెదిరించారు. అప్పుడా కౌంటీలో దాదాపు 1,100 మంది నల్లవాళ్ళుండేవారు. కొద్ది వారాల్లో ఆ కౌంటీ వాళ్ళు లేనిదైపోయింది. భూములున్నవాళ్ళు కొందరు అయినకాడికి అమ్ముకున్నారు. అమ్ముకోలేక వదిలేసి పోయిన పొలాలను చుట్టుపక్కల వాళ్ళు కలిపేసుకుని, వాటికి పన్ను కడుతూ వచ్చి, చివరికి తమ పేర రాయించుకున్నారు. అటుపైన డెబ్భై ఏళ్ళకు పైగా అది తెల్లవాళ్ళ కౌంటీగానే ఉండిపోయింది.

నాకీ సంగతి పుస్తకాల్లో తెలియలేదు. అట్లాంటాలో ఆస్పత్రి ల్యాబ్‌లో చేరిన కొత్తలో, వేసవిలో అందరం కలిసి ఆ కౌంటీ అంచున ఉన్న లేక్ లానియర్‌కి పిక్నిక్ వెళ్దామనుకున్నాం. నా పక్క బెంచీ మీద పనిచేసే నల్లజాతి ఆవిడ నాకు రక్తం స్లైడు ఎలా చూడాలో ఓపిగ్గా నేర్పిన మనిషి. అందరికీ కేకు చేసి పంపిస్తానంది గానీ, తను రానంది. ఎందుకని అడిగితే సెంట్రిఫ్యూజ్ తిరుగుతున్నంతసేపూ మాట్లాడలేదు. అది ఆగాక గొట్టాలు ఒక్కొక్కటే తీసి స్టాండులో పెడుతూ చెప్పింది. వాళ్ళ నాయనమ్మ చిన్నప్పుడు ఆ కౌంటీ నుంచే బండి కట్టుకుని రాత్రికి రాత్రి వచ్చేశారట. పొయ్యి మీద గిన్నె అలాగే వదిలేసి వచ్చామని ముసలావిడ చనిపోయేదాకా చెబుతుండేదట. ఆ కౌంటీ పొలిమేర దాటి లోపలికి తను ఎప్పుడూ కారు తోలలేదంది. నేను పుట్టి పెరిగిన దేశం కాదు, అయినా నాకు ఒళ్ళు జలదరించింది.

1987 జనవరి 17న హోసియా విలియమ్స్ నాయకత్వంలో కొద్దిమంది అక్కడ శాంతి ఊరేగింపు తీస్తే రాళ్ళూ సీసాలూ విసిరి తరిమారు. హోసియా విలియమ్స్ అంటే మార్టిన్ లూథర్ కింగ్‌తో కలిసి పనిచేసినాయన, సెల్మాలో వంతెన మీద ఓటు హక్కు ఊరేగింపుని ముందుండి నడిపినాయన. వారం తిరిగేసరికి 24న దాదాపు ఇరవై వేలమంది వచ్చి నడిచారు, నేషనల్ గార్డు కాపలా మధ్య. తెల్లవాళ్ళు కూడా వేలల్లో వచ్చారు. మీ పెదనాన్నా నేనూ టీవీ ముందు కూర్చుని చూశాం. నువ్వప్పటికి పుట్టలేదు, అంతే. అదేమీ తాతలనాటి కథ కాదు. ఆ రోజు రోడ్డు పక్కన నిలబడి బూతులు తిట్టిన కుర్రాళ్ళకి ఇప్పుడు నా వయసు కంటే తక్కువే ఉంటుంది. వాళ్ళలో మారినవాళ్ళు ఉన్నారు, నాకు తెలుసు. ఆ ఊళ్ళోవాళ్ళే పూనుకుని, 2021లో రాబ్ ఎడ్వర్డ్స్ పేరుతో కమింగ్‌లో ఒక ఫలకం పెట్టించుకున్నారు. ఆ పని చేసినవాళ్ళంటే నాకు చాలా గౌరవం.

చదువుతుంటే నీకు కారంచేడు గుర్తు రాలేదూ? మన చీరాలకి కూతవేటు దూరం. 1985 జూలై 17న అక్కడ మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు, ఆడపిల్లలను చెరిచారు. మిగిలినవాళ్ళు కట్టుబట్టలతో చీరాల వచ్చి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. మీ తాతయ్య ఏరోగ్రామ్‌లో ఆ సంగతంతా రాశారు, అంచుల్లో కూడా చోటు వదలకుండా. వాళ్ళలో చాలామంది తిరిగి ఆ ఊరు వెళ్ళలేదు. చీరాలలోనే కాలనీ కట్టుకుని ఉండిపోయారు. మన చుట్టాల్లో చాలామంది ఆ రోజుల్లో అన్న మాట నాకు బాగా గుర్తు: "ఆ గొడవ వాళ్ళకీ వాళ్ళకీ, మధ్యలో మనకెందుకు?" నువ్వు మొన్న అన్నప్పుడు నాకు అదే వినిపించింది నాన్నా. అంబేడ్కర్ 1946లోనే అమెరికాలోని నల్లజాతి మేధావి డు బోయిస్‌కి ఉత్తరం రాశారు, అంటరానివాళ్ళ స్థితికీ అమెరికా నల్లవాళ్ళ స్థితికీ ఎంతో పోలిక ఉందని. ఆయనకి అంత దూరం నుంచి కనిపించింది, పక్కనే ఉన్న మనకి కనిపించకపోతే ఎలా?

ఇక మనకెందుకు అన్నదానికి నీ ఇంట్లోనే జవాబుంది. మీ బుజ్జిగాడి పాస్‌పోర్టు తీసి చూడు. నువ్వు హెచ్-వన్‌బీ మీద ఉన్నావు, గ్రీన్‌కార్డు క్యూలో ఎక్కడున్నావో నీకే తెలియదు. వాడు మాత్రం పుట్టగానే పౌరుడయ్యాడు. ఎలా? 1857లో డ్రెడ్ స్కాట్ కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు నల్లవాళ్ళు బానిసలైనా కాకపోయినా ఈ దేశ పౌరులు కాలేరని తీర్పిచ్చింది. దాన్ని చెరిపెయ్యడానికి అంతర్యుద్ధం జరిగి, లక్షలమంది చచ్చి, 1868లో పద్నాలుగో సవరణ వచ్చింది. ఈ గడ్డ మీద పుట్టినవాడు ఈ దేశ పౌరుడే అని రాసుకున్నారు. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళ పిల్లల కోసం రాసుకున్న మాట అది. 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ అనే చైనా దంపతుల బిడ్డ కోర్టుకెక్కి, అది మా అందరికీ వర్తిస్తుందని గెలిచాడు. ఆ నీడలోనే నీ బిడ్డ ఉన్నాడు.

2025 జనవరి 20న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేసిన ఉత్తర్వు గుర్తుందిగా. తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రికి పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే, నెల తర్వాత పుట్టే పిల్లలకి పౌరసత్వం లేదన్నారు. కోడలికి అప్పుడు ఎనిమిదో నెల. ముందుగానే ఆపరేషన్ చేయించేద్దామా అని మీ ఇద్దరూ రాత్రంతా నాకు ఫోన్ చేసి అడిగిన మాట నేను మర్చిపోను. నెలలు నిండకుండా బిడ్డని బయటికి తీయించే ఆలోచన చదువుకున్న మీకే వచ్చిందంటే ఎంత భయపడ్డారో! మూడు రోజుల్లో సియాటిల్‌లో ఒక జడ్జి ఆపేశాడు కాబట్టి ఊపిరి పీల్చుకున్నాం. ఆ జడ్జి చేతిలో ఉన్నది నల్లవాళ్ళు రక్తం ధారపోసి తెచ్చుకున్న సవరణే.

మనం ఈ దేశంలోకి రావడమూ అంతే. 1917 నుంచి మనల్ని చట్టం పెట్టి ఆపేశారు. 1946లో తలుపు కొద్దిగా తెరిచి ఏడాదికి వందమంది రావచ్చన్నారు. భారతదేశం మొత్తానికి వంద! 1965 మార్చిలో నల్లవాళ్ళు సెల్మాలో ఓటు హక్కు కోసం దెబ్బలు తిన్నారు, ఆగస్టులో ఓటు హక్కుల చట్టం వచ్చింది, అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం పెట్టాడు. ఒంటి రంగును బట్టి మనిషిని వేరుచెయ్యడం తప్పని దేశం ఒప్పుకున్నాక, పుట్టిన దేశాన్ని బట్టి గీసిన కోటాలు కూడా నిలబడలేదు. మీ పెదనాన్న వీసా వచ్చింది ఆ చట్టం కిందే. మనకి తెలివితేటలు లేకనా అంతకుముందు రాలేదు?

తెల్లవాళ్ళ సరసన కూర్చుంటే గండం గడిచిపోతుందని నమ్మినవాళ్ళు మనలో ముందే ఉన్నారు. భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ ఈ దేశ సైన్యంలో కూడా పనిచేశాడు. పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, నేను పై కులం హిందువుని, ఆర్యుణ్ణి, కాబట్టి తెల్లవాణ్ణే అని వాదించాడు. 1923లో జడ్జీలందరూ ఒక్క గొంతుతో కుదరదన్నారు. అప్పటికే పౌరసత్వం ఉన్న భారతీయుల దగ్గర్నుంచి కూడా లాగేసుకోవడం మొదలుపెట్టారు. కింద ఇంకొకడున్నాడని చూపించి పైకెక్కాలనుకున్న వాదన అది. నాకు థింద్ మీద జాలి ఉంది, ఆ వాదన మీద లేదు.

రాజకీయాల విషయం. నువ్వు ఏ పార్టీ వైపు మొగ్గుతావో నేను అడగను. పన్నుల గురించి, వ్యాపారం గురించి, శాంతిభద్రతల గురించి నీ అభిప్రాయాలు నీవి. అటూ మనవాళ్ళున్నారు, ఇటూ ఉన్నారు. మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అరుణా మిల్లర్ హైదరాబాద్‌లో పుట్టింది. ఉపాధ్యక్షుడు వాన్స్ భార్య ఉషా చిలుకూరి వాళ్ళ పూర్వీకులది మన గోదావరి జిల్లా. గర్వపడు, తప్పులేదు. కానీ పై మెట్టు మీద మన ఇంటిపేరు కనబడింది కదా, ఇక మన జోలికి ఎవరూ రారని మాత్రం అనుకోకు. ఆమె ఆ ఇంట్లో ఉండగానే 2025 సెప్టెంబరులో హెచ్-వన్‌బీ కొత్త దరఖాస్తుకి లక్ష డాలర్లు అన్నారు. ఆ శుక్రవారం రాత్రి ఇండియా విమానం ఎక్కి కూర్చున్నవాళ్ళు దిగిపోయారు. మీ స్నేహితుడు తండ్రికి బాగాలేదని బయల్దేరి, ఎయిర్‌పోర్టు నుంచి వెనక్కి వచ్చేశాడని నువ్వే చెప్పావు.

2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలాతేలో, పని అయ్యాక బార్‌లో కూర్చున్న మన హైదరాబాద్ ఇంజనీర్‌ని నా దేశంలోంచి పొమ్మంటూ కాల్చి చంపారు. అడ్డుపడిన తెల్ల కుర్రాడికీ తూటా తగిలింది. కాల్చినవాడు ఆయన్ని ఇరానీయుడనుకున్నాడు. నీ జీతం, నీ డిగ్రీ, నీ కులం, నువ్వు వేసిన ఓటు ఏదీ వాడికి కనిపించదు. ఆ వారం మనవాళ్ళు ఏం చేశారో తెలుసా? బయట తెలుగులో మాట్లాడొద్దని ఒకరికొకరు మెసేజ్‌లు పంపుకున్నారు. నాకు ఏడుపొచ్చింది.

ఒక కష్టమైన మాట కూడా చెప్పాలి. మీ గృహప్రవేశానికి నాతో వచ్చిన పెద్దావిడ, ఆ ల్యాబ్ ఆవిడే. ఎనభై దాటినా కర్ర పట్టుకుని వచ్చింది, వాళ్ళ నాయనమ్మ పారిపోయిన కౌంటీలోకి, నా మీద అభిమానంతో. మీ స్నేహితుల్లో ఒకతను ఆవిణ్ణి కేటరింగ్ మనిషనుకుని ప్లేట్లు ఎక్కడున్నాయని అడిగాడు. ఆవిడ నవ్వి ఊరుకుంది. తర్వాత వంటింట్లో మీరంతా నల్లవాళ్ళని ఏ పేరు పెట్టి పిలుచుకుంటున్నారో నేను విన్నాను. ఆ పేరు ఇక్కడ రాయను. పక్కనే నీ పెద్దపిల్ల పులిహోర తింటోంది. ఆ పిల్ల క్లాసులో నల్లపిల్లలు ఉన్నారు. ఇంట్లో విన్న మాటే రేపు అక్కడ అంటుంది, లేదా అది తప్పని తెలుసుకుని నిన్ను చూసి సిగ్గుపడుతుంది. ఈ రెండూ నీకు వద్దు. ఆ మాట మీ ఇంట్లో ఆగిపోవాలి, వచ్చినవాళ్ళు అన్నా సరే, ఇక్కడ అనొద్దని చెప్పు. స్నేహం పోతుందని మొహమాటపడకు.

భయం వేరు, నాకు తెలుసు. దొంగతనాలు, కాల్పులు, వార్తల్లో చూసి ఫలానా ఏరియాకి వెళ్ళకూడదంటారు. జాగ్రత్తగా ఉండు, ఎవరు వద్దన్నారు? నేనూ పర్సు గట్టిగానే పట్టుకుంటాను. అయితే ఆ ఏరియాలు పేదగా ఎందుకున్నాయో, వాటిలోని ఇళ్ళకి బ్యాంకులు దశాబ్దాల తరబడి అప్పులివ్వకుండా మ్యాపుల మీద ఎర్రగీతలు ఎలా గీశారో, హైవేలు సరిగ్గా వాళ్ళ వీధుల మీదుగానే ఎలా వేశారో కూడా చదువు. అట్లాంటా నడిబొడ్డున ఆబర్న్ అవెన్యూకి వెళ్ళి చూడు, కింగ్ పుట్టిన వీధి అది. దాని మీదుగా వెళ్ళే హైవే స్తంభాలు నీకే కనిపిస్తాయి.

నువ్వు చెయ్యగలిగినవి చిన్న చిన్నవి చాలా ఉన్నాయి. పిల్లల్ని తీసుకెళ్ళి కమింగ్‌లో ఆ ఫలకం చూపించు. పెద్దదానికి చదివే వయసొచ్చింది, దానిచేతే చదివించు. అడిగిన ప్రశ్నలకి దాచకుండా జవాబు చెప్పు. స్కూలు బోర్డు సమావేశాలకి వెళ్ళడానికి పౌరసత్వం అక్కర్లేదు, ఆ కౌంటీలో పన్ను కట్టే తండ్రివి, చాలు. 2022లో మీ స్కూలు లైబ్రరీల్లోంచి కొన్ని పుస్తకాలు తీసేస్తే, ఆ గొడవ కేంద్ర విద్యాశాఖ దాకా వెళ్ళింది. ఆ రోజుల్లో మనవాళ్ళు గణితం పోటీల గురించి తప్ప నోరు విప్పలేదని విన్నాను. ఈసారి అటువంటిది వస్తే నువ్వు వెళ్ళి కూర్చో. మాట్లాడాలనిపిస్తే పేరిచ్చి మాట్లాడు.

ఓటు వచ్చిన రోజున తప్పకుండా వెయ్యి. 2020లో జార్జియాలో అధ్యక్ష ఎన్నిక 11,779 ఓట్ల తేడాతో తేలింది. ఫోర్సైత్‌లో, జాన్స్ క్రీక్‌లో ఓటున్న మనవాళ్ళు తలుచుకుంటే ఇటుదటు చెయ్యగల తేడా అది. ఎవరికి వేసినా, నీ సాటి మనిషి ఓటుకి అడ్డంకులు పెట్టేవాణ్ణి మాత్రం నీ లాభం చూసుకుని వెనకేసుకు రాకు.

వచ్చే శనివారం ఆవిడని నేను కారులో తీసుకుని మీ ఇంటికి వస్తున్నాను. ఈసారి భోజనానికి. ఆవిడకి కారం పడదు, పప్పులో పచ్చిమిర్చి తగ్గించమని కోడలికి చెప్పు. ప్లేట్లు ఎక్కడున్నాయని అడిగిన ఆ అబ్బాయిని కూడా పిలువు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ