రాతి మీద పేరు

అర్ధవీడులో ఒక అత్త, కోడలు రాత్రి బడిలో చదువు నేర్చుకున్నారు. సెలవుల్లో పిల్లల్ని తీసుకుని నాగార్జునకొండ చూడటానికి వెళ్లారు. మాచర్ల దాటి విజయపురి సౌత్ చేరారు. లాంచీ ఎక్కారు.

"చుట్టూ నీళ్లే గదే! ఇక్కడ మ్యూజియం ఎందుకు కట్టారు?" అంది అత్త.

కోడలు పుస్తకంలో చదివింది చెప్పింది.

"ఒకప్పుడు ఇది లోయ, అత్తా. సుమారు 1700 ఏళ్ల కిందట ఇక్కడ ఇక్ష్వాకు రాజుల పట్నం ఉండేది. 1955లో సాగర్ డ్యాముకు పునాది వేశారు. లోయంతా మునుగుతుందని ఊళ్లవాళ్లు ఇళ్లు, పొలాలు వదిలి వెళ్లారు. 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిగాయి. దొరికిన శిల్పాలు, నాణేలు కొండ మీదికి చేర్చారు. 1966లో మ్యూజియం పెట్టారు. నీళ్లొచ్చాక కొండ దీవి అయింది."

ఆ పట్నంలో ఆటపాటలు చూడటానికి రాతి మెట్లతో ఒక రంగస్థలం ఉండేది. దాన్ని ఒడ్డునున్న అనుపు దగ్గర మళ్లీ కట్టారు. మన తిరునాళ్లలో లాగే అక్కడా ఇంటిల్లిపాదీ చేరి ఉంటారు.

అక్కడ ఒకే ఇంట్లో రెండు మతాలు ఉండేవి. రాజులు యజ్ఞాలు చేశారు. ఇంటి ఆడవాళ్లు బుద్ధుణ్ణి కొలిచారు. రాజు తోబుట్టువు చాంతిసిరి మహాచైత్యానికి దానాలిచ్చింది. బోధిసిరి రాణి కాదు. అయినా సింహళం నుంచి వచ్చిన భిక్షువుల కోసం చైత్యం కట్టించింది. చెరువు కూడా తవ్వించింది. శాసనంలో భర్తనీ, అత్తమామల్నీ, తోబుట్టువుల్నీ తలుచుకుంది. అది బ్రాహ్మీ లిపి. పండితులు చదివి మనకు చెప్పారు.

"రాసి పెట్టబట్టి గదా ఆమె పేరు నిలిచింది!" అంది అత్త.

ఇంటికి రాగానే అత్త అటక మీది ఇత్తడి బిందె దించింది. అది పుట్టింటివాళ్లు పెట్టిన బిందె. దాన్ని ఇచ్చేసి స్టీలు బిందె తీసుకోవాలనుకుంది. అంచు మీద ఏవో చెక్కి ఉన్నాయి. ఇన్నాళ్లూ అవి గీతలనుకుంది. ఇప్పుడు కూడబలుక్కుని చదివింది. అది వాళ్లమ్మ పేరు!

బిందెను మళ్లీ అటక ఎక్కించలేదు. చింతపండుతో తోమి ఇంట్లో అందరికీ కనబడేలా పెట్టింది.

మాట్లాడుకోండి:

1. నాగార్జునకొండ దీవి ఎలా అయింది?
2. బోధిసిరి ఏమేం చేసింది?
3. మీ ఇంట్లో పాత వస్తువులు ఏమున్నాయి? అవి ఎవరివో పిల్లలకు చెప్పండి. వాళ్ల పేర్లు పలక మీద రాయండి.