ముల్లు చెప్పు సాక్ష్యము: పాత కారులో ఇగ్నిషను లోపమును కనుగొను విధము

వరిపైరు పసుపువారగానే యూరియా బస్తా విప్పు రైతును మనము చూచుచున్నాము. ఆ పసుపుదనము నత్రజని చాలక వచ్చినదో, జింకు లోపమువలన వచ్చినదో, నీరు నిలిచి వేరునకు గాలి యాడక వచ్చినదో ముందుగా తెలిసికొననిచో యూరియా వెచ్చము దండుగయగును. ఆకు చేసిన నేరమేమియు లేదు. అది వేరునందలి కష్టమును తెలుపు సాక్షి మాత్రమే. పాత పెట్రోలు కారులోని టాకోమీటరు ముల్లును అట్టి సాక్షియే. ఇంజను నిమిషమునకెన్ని చుట్లు తిరుగుచున్నదో చూపు ఈ పరికరము చెడినదని పలువురు తొందరపడి దానిని మార్చుదురు. అది చెప్పు సాక్ష్యమును చదువు విధమును మన సభ్యులకు వివరించుటకై ఈ పాఠము వ్రాయబడినది.

అంబాసిడరు కార్ల తయారీ 2014లో నిలిచిపోయినది. పాయింట్ల ఇగ్నిషనును ఎఱిగిన పనివారును నానాటికి తగ్గుచున్నారు. కావున కారు గలవాడే కొంత నేర్చుకొనుట మేలు. డీజిలు ఇంజనులకు నిప్పురవ్వతో పనిలేదు గనుక ఈ పాఠము మన ట్రాక్టర్లకు చెందదు.

1. జరిగిన సంగతి

నా యొద్ద ఒక పాత పెట్రోలు అంబాసిడరు కలదు. దాని పూర్వపు యజమాని టాకోమీటరును విడిగా కొని అమర్చించెను. కొన్ని యేండ్ల క్రిందట తొలకరి వాన కురిసిన మరునాడు, శుద్ధిచేసిన వేరుసెనగ విత్తనమును మూడు గ్రామములకు చేర్చుటకై బయలుదేరితిని. యాక్సిలరేటరుపై కొంచెము కాలు మోపినప్పుడెల్ల ఇంజను తడబడెను. ఆ క్షణముననే ముల్లు సున్నకు పడి మరల లేచుచుండెను.

పట్టణములోని ఒక మరమ్మతుశాలవారు టాకోమీటరే చెడినదని చెప్పి క్రొత్తది బిగించిరి. జబ్బు పోలేదు. పిమ్మట ప్లగ్గులు, కాయిలు, పెట్రోలు పంపు వరుసగా మార్చిరి. రెండు దినములు గడచినవి; ఎఱ్ఱనేలలో పదును ఆరిపోయినది. విత్తనమునకై ఎదురుచూచిన రైతులలో కొందఱు ఇంటనున్న శుద్ధిచేయని గింజనే విత్తిరి. తక్కినవారు మఱియొక వానకై కాచుకొనిరి. వారి ముందు నిలువవలసివచ్చినప్పుడు నాకు కలిగిన సిగ్గు ఇంతంతకాదు. తుదకు దొరకిన లోపము డిస్ట్రిబ్యూటరు లోపలి బెత్తెడు తీగ. దాని జాడను ముల్లు మొదటి దినముననే చూపినది, చదువలేకపోయినది మేమే.

2. నిప్పురవ్వ వచ్చు మార్గము

బ్యాటరీ, కాయిలు, పాయింట్లతో నిప్పురవ్వ పుట్టించు ఈ పద్ధతిని అమెరికా దేశస్థుడు చార్లెస్ కెట్టరింగు 1910 ప్రాంతమున కార్లలో వాడుకకు తెచ్చెను. ఇందు రెండు భాగములు కలవు.

మొదటిది తక్కువ వోల్టేజి భాగము. బ్యాటరీనుండి 12 వోల్టుల కరెంటు తాళపు స్విచ్చి ద్వారా కాయిలునకు, అచటినుండి డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లకు పోవును. పాయింట్లు కలిసియున్నంతసేపు కాయిలులో కరెంటు ప్రవహించును. విడిపోయినతోడనే ఆ ప్రవాహము తెగి, కాయిలు లోపలి సన్నతీగ చుట్టలో వేలకొలది వోల్టులు పుట్టును. పాయింట్ల ప్రక్కనుండు కండెన్సరు అవి మాడిపోకుండ కాపాడి, ప్రవాహము చప్పున తెగుటకు తోడ్పడును.

రెండవది ఎక్కువ వోల్టేజి భాగము. కాయిలు నడిమి తీగ, డిస్ట్రిబ్యూటరు మూత, రోటరు, ప్లగ్గుల తీగలు, ప్లగ్గులు ఇందులోనివి.

3. ముల్లు దేనిని లెక్కించును

తరువాతి కాలమున అమర్చు ఎలక్ట్రానికు టాకోమీటరుల సూచన తీగ సాధారణముగా కాయిలునకు పాయింట్లవైపున నుండు కొనకు తగిలింపబడును. పాయింట్లు ఎన్నిమారులు విడిపోయినవో దానినే అది లెక్కించును. ప్లగ్గు వెలిగినదా లేదా యను సంగతి దానికి తెలియదు. పాఠమంతటికిని మూలమిదియే.

నాలుగు సిలిండర్ల ఇంజను ఒక చుట్టునకు రెండు రవ్వలు కోరును. నిమిషమునకు 3,000 చుట్లు తిరిగినప్పుడు 6,000 రవ్వలు, అనగా సెకనుకు 100 రవ్వలు కావలెను. విడిగా కొన్న టాకోమీటర్లకు కొన్నింటికి వెనుక 4, 6, 8 సిలిండర్ల మీట యుండును. నాలుగు సిలిండర్ల కారునకు మీట 6 వద్దనున్నచో 900 చుట్లను 600 అనియు, 8 వద్దనున్నచో 450 అనియు చూపును. ముల్లు ఎల్లవేళల ఒకే పాలు తక్కువ చూపుచున్నచో ముందుగా ఆ మీటను చూడవలెను.

4. ముల్లును చదువు విధము

(అ) కారు గేరులో దొర్లుచు ఇంజను తిరుగుచుండగనే ముల్లు చటుక్కున సున్నకు పడినయెడల, తక్కువ వోల్టేజి భాగమున కరెంటు తెగుచున్నది. స్విచ్చి, కాయిలు కొనలు, పాయింట్లు, వాని తీగలు చూడవలెను.

(ఆ) ఇంజను ఎగిరెగిరి పడుచుండినను ముల్లు సరియైన వేగమునే చూపుచున్నచో పాయింట్లు తమ పని చేయుచున్నవి. దోషము ప్లగ్గులు, తీగలు, రోటరు, మూతలయందో పెట్రోలు వచ్చు మార్గమందో వెదకవలెను.

(ఇ) ఇంజను చక్కగా నడచుచుండగా ముల్లు మాత్రము పడిపోయినచో అప్పుడే టాకోమీటరును, దాని తీగలను అనుమానింపవలెను.

(ఈ) ముల్లు పిచ్చిగా ఎగురుచున్నచో టాకోమీటరు ఎర్తు తీగ వదులైయుండవచ్చును. లేదా మాడిన పాయింట్లు, చెడిన కండెన్సరు కారణము కావచ్చును.

సాక్షియే దొంగయగుటయు కలదు. సూచన తీగ ఒరసికొని కారు ఇనుమునకు తగిలినచో పాయింట్లు విడిపోయినను కరెంటు తెగదు, రవ్వ పుట్టదు, ఇంజను ఆగిపోవును. స్విచ్చి ఆపి, కాయిలు వద్ద ఆ తీగను విప్పి, కొనకు టేపు చుట్టి ఇంజను వేయవలెను. నడచినచో నేరము తీగదో టాకోమీటరుదో యగును. 1960 దశకపు కొన్ని బ్రిటిషు కార్లలో కాయిలునకు పోవు కరెంటే టాకోమీటరు గుండా పోవును. అట్టివానిలో తీగ విప్పినంతనే ఇంజను ఆగును గనుక ఈ పరీక్ష వానికి పనికిరాదు.

5. పరీక్షల వరుస

పండ్రెండు వోల్టుల చిన్న టెస్టు ల్యాంపు చాలును. ఒక్కొక్కటిగా చూడవలెను, రెండు భాగములను ఒకేమారు మార్చినచో దేనివలన జబ్బు పోయినదో తెలియదు.

మొదట బ్యాటరీ కొనలను శుభ్రపఱచి బిగింపవలెను. పిమ్మట స్విచ్చి వేసి, కాయిలునకు స్విచ్చివైపు కొన వద్ద ల్యాంపు వెలుగుచున్నదా చూడవలెను. వెలుగనిచో స్విచ్చి, ఫ్యూజు, తీగల వంక పోవలెను.

తరువాత ల్యాంపును పాయింట్లవైపు కొనకును ఎర్తునకును నడుమ తగిలించి, మఱియొకరిచేత స్టార్టరు తిప్పింపవలెను. ల్యాంపు మినుకుమినుకుమనుట క్షేమము. ఎడతెగక వెలిగినచో పాయింట్లు కలియుటలేదు, లేదా కాయిలునుండి పాయింట్లకు పోవు తీగ తెగినది. అసలే వెలుగనిచో పాయింట్లు విడిపోవుటలేదు, లేదా కాయిలు లోపలి చుట్ట తెగినది, లేదా తీగయో కండెన్సరో ఎర్తునకు తగిలినది.

ఇచట దోషము లేనిచో కాయిలు నడిమి తీగకు ఒక పాత ప్లగ్గును తగిలించి, ప్లగ్గు లోహమును ఇంజను ఇనుమునకు గట్టిగా ఆనించి తిప్పింపవలెను. నీలివన్నె రవ్వ చిటపటలాడినచో కాయిలు మంచిది. రవ్వ పసుపువన్నెగా బలహీనముగానుండి పాయింట్లు త్వరగా మాడుచున్నచో కండెన్సరును అనుమానింపవలెను. ఇచట మంచి రవ్వ వచ్చి ప్లగ్గులకు చేరనిచో మూతలో పగులు, తడి, రోటరు దోషము వెదకవలెను.

పాయింట్ల నడిమి సందు పాత అంబాసిడరు వంటి కార్లలో సుమారు 0.4 మిల్లీమీటర్లు, ఖచ్చితమైన కొలత ఆయా కారు పుస్తకములో చూడవలెను. కాముపై ఒరసికొను మడమ అరుగుకొలది ఈ సందు తగ్గును. సందును మార్చినచో రవ్వ పుట్టు సమయమును మారును గనుక టైమింగును మరల సరిచూడవలెను.

6. బెత్తెడు తీగ

డిస్ట్రిబ్యూటరులో పాయింట్లు బిగించిన పలకను వాక్యూం అడ్వాన్సు కొంచెము కొంచెము త్రిప్పుచుండును. పాయింట్లకు పోవు మెత్తని తీగ ఆ పలకతోపాటు వేలమార్లు వంగును. నా కారులో పైతొడుగు చెక్కుచెదరకుండ లోపలి రాగిపోగులు తెగినవి. కారు నిలిచియుండగా కొనలు తాకుచుండెను. పలక కదలగానే విడిపోవుచుండెను. అందుచేతనే నిలిపి చూచిన ప్రతి పరీక్షయందును కారు నిర్దోషిగా కనబడెను. వాక్యూం గొట్టమును విప్పి, కార్బురేటరు వైపు రంధ్రమును మూసి నడిపినప్పుడు తడబాటు పోయినది. అప్పుడు తీగను లాగి చూడగా తొడుగు రబ్బరువలె సాగినది. తీగ మార్చిన పిదప ముల్లు మరల పడలేదు. తీసివేసిన పాత టాకోమీటరును తిరిగి బిగింపగా అదియు చక్కగనే పనిచేసినది.

7. జాగ్రత్తలు

గేరు న్యూట్రలులోనుంచి హ్యాండు బ్రేకు వేయవలెను. పెట్రోలు కారుచున్నచో, దాని వాసన వచ్చుచున్నచో రవ్వ పరీక్ష చేయరాదు. ఇంజను తిరుగునప్పుడు ప్లగ్గు తీగలను చేతితో పట్టరాదు. పంచె, తువ్వాలు ఫ్యానునకు దూరముగా నుండవలెను. మూసిన కొట్టములో ఇంజను నడుపరాదు. ఆ పొగ ప్రాణాంతకము. ఇంజను ఆగియుండగా స్విచ్చిని చాలసేపు వేసియుంచినచో కాయిలు వేడెక్కి చెడును.

సభ్యులు తొలకరికి ముందే ఒక జత పాయింట్లు, కండెన్సరు, రోటరు, టెస్టు ల్యాంపు కారులో ఉంచుకొనవలెను. కారు తడబడినయెడల మరమ్మతుశాలకు పోకముందే, ముల్లు పడినదా, నిలిచినదా, ఏ వేగమున, ఎంత వేడిమిలో అట్లయినదో ఒక కాగితముపై వ్రాసికొనవలెను. నేను ఆ దినమున అట్టి నాలుగు మాటలు వ్రాసికొని పనివానికి చూపియుండినచో, ఆ విత్తనము పదును ఆరకముందే నేలకు చేరియుండెడిది.