దెబ్బ తగిలినప్పుడు ఎక్స్‌రే ఎప్పుడు అవసరము?



గడచిన సంవత్సరము మన పాఠశాల మైదానమున కబడ్డీ ఆడుచు పదవ తరగతి బాలుడొకడు కుడిచేయి చాచి నేలపై పడెను. మణికట్టు కొంచెము వాచినది; వ్రేళ్లన్నియు కదలుచునే యున్నవి. అది చూచి నేను, "ఏమియు లేదు నాయనా, బెణికినది. రెండు దినములలో తగ్గిపోవును" అని పంపివేసితిని. పండ్రెండవ దినమున వాడు కలము పట్టలేకపోవుట గమనించి వైద్యునియొద్దకు తీసికొనిపోతిమి. ఆయన బొటనవ్రేలి మొదటనున్న పల్లమున మెల్లగా నొక్కినంతనే బాలుడు కెవ్వుమనెను. ఎక్స్‌రేలో ఒక చిన్న యెముక చిట్లియుండుట కనబడెను. ఎనిమిది వారములు కట్టుతోనుండి, వాడు అర్ధసంవత్సర పరీక్షలు వ్రాయలేకపోయెను. వ్రేళ్లు కదలుచున్నవి గనుక ఎముక విరుగలేదని తలచుట నా పొరపాటు. ఆ పొరపాటు మీరు చేయకుండుటకే ఈ పాఠము.

ఎక్స్‌రే ఏమి చూపును?

జర్మనీ దేశమందలి వుర్జ్‌బర్గ్ నగరమున రాంట్‌జన్ అను శాస్త్రజ్ఞుడు 1895 నవంబరు 8వ తేదీన ఈ కిరణములను కనుగొనెను. వాని స్వభావము తెలియనందున, బీజగణితమున తెలియని రాశికి పెట్టు ఎక్స్ అను పేరునే వానికి పెట్టెను. ఆ సంవత్సరాంతమున తన భార్య చేతిని ఈ కిరణములతో చిత్రింపగా, ఎముకలును, వ్రేలి ఉంగరమును స్పష్టముగా కనబడెను. 1901లో భౌతికశాస్త్రమున మొదటి నోబెల్ బహుమానము ఆయనకే లభించెను.

ఎముకలో కాల్షియము అధికము. అది కిరణములను ఎక్కువగా అడ్డగించును గనుక చిత్రమున తెల్లగా కనబడును. కండరములును, ఎముకను ఎముకతో కలుపు సంధిబంధనములును కిరణములను చాలవరకు పోనిచ్చును గనుక స్పష్టముగా కనబడవు. కావున ఎముక విరిగినదా, కీలు తొలగినదా అను ప్రశ్నలకు ఎక్స్‌రే సమాధానము చెప్పును గాని, బంధనము తెగినదా అను ప్రశ్నకు చెప్పజాలదు. దానికి అవసరమైనచో వైద్యులు ఎం.ఆర్.ఐ. చేయింతురు. అది అయస్కాంత శక్తితో పనిచేయును. ఎక్స్ కిరణములు దానిలో లేవు.

కాలు మడతపడినప్పుడు

పరుగెత్తునప్పుడు కాలు మడతపడి చీలమండ వాచుట మీరందరు ఎరిగినదే. ఇందులో ఎక్కువ భాగము బెణుకులే. అందరికిని ఎక్స్‌రే తీయుట వ్యర్థము. ఎవరికిని తీయకుండుట ప్రమాదము. ఈ చిక్కు తీర్చుటకు కెనడా దేశమందలి ఒట్టావా నగర వైద్యులు 1992లో కొన్ని నియమములను ప్రకటించిరి. చీలమండలో నొప్పి యున్నప్పుడు ఈ క్రింది వానిలో ఒక్కటియైనను ఉన్నచో ఎక్స్‌రే తీయవలెను.

1. చీలమండకు వెలుపలివైపున బుడిపెవలె కనబడు ఎముక కొననుగాని, దాని వెనుక అంచును క్రిందినుండి 6 సెంటీమీటర్ల మేరగాని నొక్కినప్పుడు నొప్పి.

2. లోపలివైపు బుడిపెయందు అదే విధమైన నొప్పి.

3. దెబ్బ తగిలిన వెంటనేయు, వైద్యుడు పరీక్షించునప్పుడును నాలుగడుగులు వేయలేకపోవుట. కుంటుచు నడచినను నడచినట్లే లెక్క.

నొప్పి పాదము నడుమ నున్నచో, చిటికెనవ్రేలికి వెనుకగా పాదపు వెలుపలి అంచు మధ్యనున్న ఎముక మొదటను, లోపలి అంచున చీలమండకు ముందున్న ఎముకమీదను నొక్కి చూతురు. అచ్చట నొప్పి యున్నను, నాలుగడుగులు వేయలేకున్నను చిత్రము అవసరమే. ఈ నియమములు మొదట పెద్దలకొరకు ఏర్పడినవి. తరువాత 5 ఏండ్లు దాటిన పిల్లలయందును పరీక్షింపబడి ఉపయోగకరములని తేలినవి. వాపు ఎంత యున్నదనుట ఈ నియమములలో లేకుండుట గమనింపుడు.

చిత్రము బాగున్నను నొప్పి యున్నచో

మన బాలునికి చిట్లిన ఎముక పేరు స్కాఫాయిడ్. దాని పగులు మొదటి దినముల ఎక్స్‌రేలో కనబడకపోవచ్చును. అందుచేత బొటనవ్రేలి మొదటి పల్లమున నొప్పి యున్నచో, చిత్రము బాగున్నను వైద్యులు చేతిని కదలకుండ కట్టి, పది పదునాలుగు దినములకు మరల పరీక్షింతురు. అశ్రద్ధ చేసినచో ఆ ఎముకకు రక్తము చాలక అతుకు పడకుండవచ్చును. మీ వయసున ఎముకల చివరల పెరుగుదలకు కారణమగు మృదులాస్థి పొర యుండును. అదియు ఎక్స్‌రేలో కనబడదు. దానికి దెబ్బ తగిలినచో ఎముక పెరుగుదల చెడవచ్చును. కావున "ఎక్స్‌రేలో ఏమియు లేదు" అను మాటతో సంగతి ముగిసినదని తలపరాదు. నొప్పి తగ్గనిచో మరల వైద్యుని చూడవలెను.

తలకు దెబ్బ తగిలినప్పుడు

ఇచ్చట చూడవలసినది మెదడు. దానికి సి.టి. స్కాన్ అవసరము. స్మృతి తప్పుట, మాటిమాటికి వాంతులు, అంతకంతకు పెరుగు తలనొప్పి, మగత, తికమక మాటలు, మూర్ఛ, చెవినుండిగాని ముక్కునుండిగాని రక్తము లేక నీరు కారుట, ఒక చేయి లేక కాలు బలహీనమగుట, వీనిలో ఏది యున్నను క్షణమైన ఆలసింపక ఆసుపత్రికి చేర్పవలెను. ఇవి లేనప్పుడు వైద్యులు కొన్ని గంటలు కనిపెట్టి చూచి స్కాన్ మానవచ్చును. అది నిర్లక్ష్యము కాదు. పాదపు ఎక్స్‌రేవలన కలుగు కిరణభారము, ప్రకృతినుండి మనకు కొన్ని గంటలలో వచ్చునంతయే. తల సి.టి.లో అది ఇంచుమించు ఒక సంవత్సరపు భారమునకు సమీపించును. అవసరమున్నచో ఆ భారము స్వల్పము. అవసరము లేనిచో అది వృథా.

చిత్రమునకు ముందు చేయవలసినది

అవయవము వంకరపోయినను, గాయమునుండి ఎముక కనబడినను, వ్రేళ్లు చల్లబడి పాలిపోయినను, తిమ్మిరెక్కినను అది అత్యవసరము. లాగరాదు, తోమరాదు, నూనె మర్దన చేయరాదు. ఉన్నది ఉన్నట్లు ఒక బద్దను ఆధారముగా వదులుగా కట్టి ఆసుపత్రికి కొనిపోవలెను. చెట్టునుండి పడి మెడగాని వెన్నుగాని నొచ్చుచున్నవానిని లేపి కూర్చుండబెట్టరాదు. దెబ్బ తగిలినంతనే బిగించి కట్టు కట్టించు అలవాటు మన పల్లెలలో కలదు. ఎముక స్థితి తెలియక బిగించిన కట్టువలన రక్తప్రసారము ఆగి చేయియే పోవచ్చును.

తుదిమాట

మన హోసూరు ప్రాంతమున ఇంట తెలుగు మాటాడు మనలను, వైద్యుడు తమిళమునగాని కన్నడమునగాని ప్రశ్నింపవచ్చును. బెదరవలదు. ఎట్లు పడితిరి, పడిన వెంటనే నాలుగడుగులు వేయగలిగితిరా, నొప్పి సరిగా ఎచ్చట, ఈ మూడు తెలిపిన చాలును. మూడవదానికి ఏ భాషయు అక్కరలేదు. ఒక్క వ్రేలితో ఆ చోటు చూపవచ్చును. ఆ బాలుడు మొదటి దినముననే ఆ పల్లమును నాకు వ్రేలితో చూపెను. నేను వ్రేళ్ల కదలికను చూచితినేగాని ఆ వ్రేలు చూపిన చోటును చూడలేదు. మీ స్నేహితుడెవడైన అట్లు చూపినప్పుడు మీరు చూడుడు.