సండే స్కూలు ఉపాధ్యాయులకు పాఠము: కొయ్య గుర్రము

చదువవలసిన భాగములు: లూకా 10:25-37, మత్తయి 5:23, 24



మనము పిల్లలకు చెప్పు కథలు తరచుగా ఒకే అచ్చులో పోసినట్లుండును. మంచి బాలుడు తన అన్నము బీదవానికి పెట్టును. సాయంత్రమునకు దేవుడు వానికి రెండింతలు ఇచ్చును. ఇట్టి కథలు విన్న బిడ్డ పరోపకారమును వడ్డీ వ్యాపారమువలె నేర్చుకొనును. ప్రభువు చెప్పిన కథలో సమరయునికి ఏ బహుమానమును దొరకలేదు. పైగా పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి, ఇంకను ఖర్చయినచో తానే తీర్చెదననెను.

ఈసారి తరగతిలో చెప్పుటకు మేము సూచించునది 1950లో ఇంగ్లీషులో వెలువడిన 'ట్రెషర్స్ ఆఫ్ ది స్నో' అను పిల్లల నవల. వ్రాసినవారు పెట్రీషియా సెయింట్ జాన్ (1919-1993), మొరాకోలో మిషనరీ నర్సుగా పనిచేసిన ఇంగ్లీషువారు. చిన్నతనమున స్విట్జర్లాండులో కొంతకాలము నివసించినందున కథను ఆ కొండపల్లెలలో నడిపిరి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసినను ద్వేషము చల్లారని దినములవి. క్షమాపణ యనగా ఏమో పిల్లలకు తెలియవలెనని దీనిని వ్రాసిరి.

తల్లిలేని డానీని అక్క ఆనెట్ పెంచుచుండెను. లూసియెన్ అను బాలుడు ఆమె మీది కోపముతో డానీ పిల్లికూనను లోయ అంచున పట్టి బెదిరించగా అది చేజారెను. దానిని కాపాడబోయి డానీ పడి, కాలు విరిగి, కుంటివాడాయెను. ఊరంతయు లూసియెన్‌ను ఏవగించుకొనెను. వాడు పశ్చాత్తాపపడి నోవహు ఓడను, జంతువులను కొయ్యతో చెక్కి తెచ్చెను. ఆనెట్ వాటిని విసరికొట్టెను. బడి పోటీకి వాడు చెక్కిన గుర్రమును కూడ ఎవరును చూడకుండ పాడుచేసెను.

ఇక్కడ కథ ఆపుడి. "ఇప్పుడు తప్పు ఎవరిది?" అని అడుగుడి. ఇంతవరకు ఆనెట్ పక్షముననున్న పిల్లలు తడబడుదురు. ఆ తడబాటే పాఠము. జవాబు మీరు అందింపవద్దు.

రెండవ ఆదివారము మిగతా కథ చెప్పుడి. ఆనెట్ మంచులో జారి మడమ బెణికి తలుపు తట్టిన ఇల్లు లూసియెన్‌దే. ద్వేషించిన వాని చేతి సహాయమే ఆమెకు కావలసివచ్చెను. గుర్రము సంగతి వానియొద్ద ఒప్పుకొనెను. తరువాత డానీ కాలు బాగుచేయగల వైద్యునికొరకు లూసియెన్ మంచు తుపానులో కొండ కనుమ దాటి వెళ్లెను. దారిలో పడియున్న యూదుడు సమరయుని చేతినుండి నూనె, ద్రాక్షారసము పొందుట కూడ ఇట్టిదే. సహాయము చేయుటకంటె, గిట్టనివాని సహాయము పుచ్చుకొనుట కష్టమని మా అభిప్రాయము.

మంచు తెలియని పిల్లలని కథను మన ఊరికి మార్చవద్దు. యానాము పిల్లలకైనను మంచుకొండ మాట వినగానే కన్నులు పెద్దవగును. కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ బడులలో చదువు మన బిడ్డలలో అనేకులకు తెలుగు చదువరాదు గాని వినవచ్చును. కాబట్టి కథను తెలుగులోనే నోటితో చెప్పుడి, జవాబు వారికి వచ్చిన భాషలో రానిండు.

చివరకు మత్తయి 5:23, 24 చదివించి, మీరు ఎవరి బొమ్మ విరుగగొట్టితిరని అడుగుడి. అందరియెదుట చెప్పుమని బలవంతపెట్టవద్దు. కొందరు తరగతి ముగిసిన తరువాత గడపయొద్ద నిలిచి చెప్పుదురు. ఆ పూట మీరు త్వరగా ఇంటికి పోవద్దు.