టికెట్ ముందు, కార్డు తరువాత

ట్రావెల్ క్రెడిట్ కార్డు తీసుకుందామనుకునేవాళ్లు మొదట అడిగేది 'ఏ బ్యాంకుది మంచిది?' అని. ముందు తేల్చుకోవలసింది ఈ ఏడాది మీరు ఎక్కడికి వెళ్లబోతున్నారన్నది. డల్లాస్‌లో కూతురి దగ్గరికా, సెలవులకు పిల్లలతో గోవాకా, పండక్కి హైదరాబాద్ నుంచి విశాఖకా? ఎలాగూ కొనక తప్పని టికెట్ ఏదో తెలిస్తేనే కార్డు సంగతి తేలుతుంది.

తరువాత ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందేసుకోండి. కిరాణా, స్కూలు ఫీజు, కరెంటు, పెట్రోలు, అద్దె, బీమా ఒక కాగితం మీద విడివిడిగా రాయండి. అద్దెకూ, పెట్రోలుకూ, వాలెట్‌లో వేసే డబ్బుకూ చాలా కార్డులు పాయింట్లు ఇవ్వవు. అవి కొట్టేయగా మిగిలిందే మీ లెక్క.

నెల ఖర్చు 40,000 రూపాయలు, అందులో అద్దె, పెట్రోలు 10,000 అనుకుందాం. మిగిలిన 30,000 ఏడాదికి 3,60,000 అవుతుంది. వందకు రెండు పాయింట్లు, టికెట్ కొనేటప్పుడు పాయింటుకు అర్ధ రూపాయి చొప్పున 7,200 పాయింట్లు, అంటే 3,600 రూపాయలు. కార్డు వార్షిక ఫీజు 3,000, దానిపై 18 శాతం జీఎస్టీ 540. చేతికి మిగిలేది 60 రూపాయలు! ఈ లెక్క వేయకుండా ఎవరూ దరఖాస్తు మీద సంతకం పెట్టకూడదని నా గట్టి నమ్మకం. ఇంత ఖర్చు చేస్తే ఫీజు మాఫీ అనే కార్డులున్నాయి. మీ మామూలు ఖర్చుతోనే ఆ మొత్తం చేరేటట్లయితే తీసుకోండి. మాఫీ కోసమని కొత్త టీవీ కొంటే లాభం పోయినట్టే.

పాయింటు విలువను ప్రకటన చూసి నమ్మొద్దు. మీకు కావలసిన టికెట్‌నే పాయింట్లతో ఎంతకిస్తున్నారో, డబ్బుతో ఎంతో పక్కపక్కన పెట్టి చూడండి. పాయింట్లతో తీసుకున్నా పన్నులు, రుసుముల కింద జేబులోంచి కొంత కట్టవలసి రావచ్చు, దాన్నీ తీసేయండి.

ఒకే విమాన సంస్థతో ముడిపడిన కార్డయితే ఆ సంస్థ విమానం మీ గన్నవరం నుంచో రాజమండ్రి నుంచో ఎగురుతుందా చూసుకోవాలి. ఆ పాయింట్లను ఏళ్ల తరబడి దాచడం కూడా మంచిది కాదు. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది. విస్తారా 2024 నవంబర్ 12న ఎయిరిండియాలో కలిసిపోయింది.

కార్డు చేతికొచ్చిన రోజే చేయవలసిన పని ఒకటుంది: ఆటోపే పెట్టడం. 'మినిమం డ్యూ'కు కాదు, మొత్తం బకాయికి. 40,000 బిల్లులో కొద్దిగా కట్టి మిగతాది వచ్చే నెలకు తోసేస్తే, నెలకు 3.75 శాతం చొప్పున వడ్డీ 1,500 దాకా, జీఎస్టీతో 1,770 దాకా పడుతుంది. ఏడాదంతా కూడబెట్టిన పాయింట్లలో సగం ఒక్క నెలలో పోయాయి. పైగా కొత్తగా కొన్నవాటికీ వడ్డీ లేని గడువు ఉండదు. నెలనెలా పూర్తిగా కట్టలేని పరిస్థితి ఉంటే ఈ కార్డు ఇప్పుడు వద్దు. మొహమాటం లేకుండా చెబుతున్నాను, అలాంటి ఇంటికి ఇది నిజంగా నష్టం.

విదేశానికి వెళ్తుంటే బయల్దేరే ముందు యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసి, పరిమితి పెట్టుకోండి. ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ కరెన్సీ ఖర్చు మీద బ్యాంకు అదనంగా వేసే రుసుము ఎంతో చూడండి. 3.5 శాతమయితే లక్ష రూపాయల ఖర్చుకు 3,500, జీఎస్టీతో 4,130. మన లెక్కలో దానికి వచ్చే పాయింట్లు వెయ్యి రూపాయలవే. మార్కప్ తక్కువున్న కార్డు అక్కడ పనికొస్తుంది. దుకాణంలో మిషన్ 'రూపాయల్లోనా, డాలర్లలోనా?' అని అడిగితే డాలర్లే నొక్కండి. రూపాయల మారకానికి వాళ్లు వేసుకునే రేటు సాధారణంగా మనకు నష్టమే. ఏటీఎంలో క్రెడిట్ కార్డుతో నగదు తీయొద్దు, తీసిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది.

తిరిగొచ్చాక ఇంటర్నేషనల్ ఆపేయండి. మళ్లీ వార్షిక ఫీజు పడే ముందు నెలలో అదే కాగితం తీసి, లెక్క వేయండి. ఇంకా 60 రూపాయల దగ్గరే ఉంటే పాయింట్లు ముందు వాడేసుకుని, బకాయి తీర్చి, కార్డు మూసేయమని బ్యాంకుకు మెయిల్ పెట్టండి. బకాయి లేని కార్డును ఏడు పని దినాల్లో మూసేయాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఆలస్యమయితే రోజుకు 500 రూపాయలు బ్యాంకే మీకు కట్టాలి.